గాలి కప్పీ, మేస్త్రీ నోటుబుక్కు

మన సంఘంలో రైల్వే కుటుంబాల చరిత్ర రాసి పెట్టాలని అనుకున్నది మీకందరికీ తెలుసు. ఇంతవరకు మనం రాసుకున్న చరిత్రలో దుబాసీలు ఉన్నారు, వర్తకులు ఉన్నారు, సత్రాలు కట్టించినవాళ్ళు ఉన్నారు. వర్క్‌షాపులో చొక్కాకు గ్రీజు పూసుకుని ముప్పై ఏళ్ళు బరువులెత్తినవాళ్ళ గురించి ఒక పేజీ కూడా లేదు. ఆ పేజీ రాద్దామని కూర్చున్నప్పుడు ఒక పెద్దమ్మ తన మొగుడి సామాను పెట్టెలోంచి ఒక చిన్న నోటుబుక్కు తీసుకొచ్చి ఇచ్చింది. ఈ వ్యాసం ఆ నోటుబుక్కు గురించే. చివర్లో మా గురించి కూడా ఒక మాట ఉంది, ఓపికగా చదవండి.

ముందే చెప్పేస్తాం. మేము అంటే ఒక వర్క్‌షాపు స్టోర్స్ సెక్షన్‌లో పక్కపక్క మేజాల దగ్గర కూర్చున్న ముగ్గురు గుమాస్తాలం. ముగ్గురం ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. తెలుగు అక్షరాలు నలభై దాటిన తర్వాత ఈ సంఘం ఆదివారం తరగతుల్లోనే నేర్చుకున్నాం. కాబట్టి రాతలో తప్పులుంటే దిద్దండి, కోపగించకండి. వర్క్‌షాపు పేరు రాయడం లేదు. అది మదరాసుకు దూరంగా ఉన్న ఊళ్ళో ఉంది, అంత చాలు.

నోటుబుక్కు మేస్త్రీ మామది. ఉద్యోగంలో ఆయన ఫిట్టరు, మాకు వరసకు మామ. వాళ్ళ తాత నెల్లూరు వైపు నుంచి రైల్వే పనికి వచ్చినవాడు. అట్లా వచ్చినవాళ్ళు మనలో చాలామంది. 1856లో రాయపురం నుంచి వాలాజా వరకు మొదటి బండి నడిచింది. పెరంబూరు వర్క్‌షాపు పుట్టింది కూడా ఆ ఏడాదే. తర్వాత మదరాసు, బెజవాడ, గుంతకల్లు అన్నీ ఒకే కంపెనీ లైన్ల మీదికి వచ్చాయి. 1908లో అది మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే అయింది, 1951లో సదరన్ రైల్వేలో కలిసింది. లైను ఎక్కడికి పోతే మన మనుషులు అక్కడికి పోయారు. బడికి పోని తాత, బడిలో తమిళం చదివిన మనమడు, మధ్యలో ఇంటి దగ్గర అమ్మ దగ్గర నాలుగు తెలుగు అక్షరాలు నేర్చుకున్న మేస్త్రీ మామ.

నోటుబుక్కులో రోజుకు ఒక్క వరస. అక్షరాలు తెలుగువి, మాటలు సగం తమిళం. "తణ్ణి తీసినా." "ఆయిలు పోసినా." "చైను తుడిచినా." పేజీల నిండా ఇదే. మొదట చూసి ఇదేం చరిత్ర అనుకున్నాం. ఏ మిషన్ గురించి రాసినాడో తెలిసిన తర్వాత గాని ఆ వరసల విలువ అర్థం కాలేదు.

ఆ మిషన్ పేరు ఎయిర్ హాయిస్ట్. షాపులో మన వాళ్ళు దాన్ని గాలి కప్పీ అనేవాళ్ళు. పైన ఇనుప దూలానికి వేలాడే పెట్టె, కింద చైను, చైను చివర హుక్కు. చేత్తో లాగే చైన్ పుల్లీ బ్లాక్ మీరందరూ చూసి ఉంటారు. దానికి మనిషి చెయ్యి బదులు గాలి. కరెంటు మోటారు కాదు, కంప్రెసర్‌లో నొక్కిపెట్టిన గాలి గొట్టంలో వచ్చి లోపలి మోటారును తిప్పుతుంది. మా షాపులో ఉన్నది ఒక టన్ను ఎత్తేది.

గాలితో బరువెత్తడం ఎక్కడ మొదలైంది?

దీని కథ కొంచెం దూరం నుంచి చెప్పాలి. 1857లో ఫ్రాన్సు, ఇటలీ మధ్య ఆల్ప్స్ కొండ కింద రైలు సొరంగం మొదలుపెట్టారు. పొడవు 13 కిలోమీటర్ల దాకా. మొదట చేత్తో సమ్మెట కొట్టి రాయిలో బెజ్జాలు వేశారు. ఆ లెక్కన పోతే ఒక తరం పట్టేది. సొరంగం లోపల ఆవిరి యంత్రం పెడితే పొగకు మనుషులు చస్తారు. అప్పుడు జర్మేన్ సొమ్మెయే అనే ఇంజనీరు కొండ వాగు నీటి బలంతో బయట గాలిని నొక్కి, గొట్టాల్లో లోపలికి పంపి, దానితో డ్రిల్లులు నడిపించాడు. 1861లో ఆ డ్రిల్లులు పనిలోకి వచ్చాయి. డ్రిల్లు వదిలిన గాలి లోపల మనుషులు పీల్చుకోవడానికి కూడా పనికొచ్చింది. 1871లో సొరంగం తెరిచారు. ఆ పండగకు కొన్ని వారాల ముందే సొమ్మెయే చనిపోయాడు.

ఆ డ్రిల్లుల గురించి అమెరికాలో ఒక కుర్రవాడు పత్రికలో చదివాడు. పేరు జార్జ్ వెస్టింగ్‌హౌస్. కొండ లోపలికి అంత దూరం గాలి బలాన్ని గొట్టంలో పంపగలిగితే, బండి పొడుగునా ఎందుకు పంపలేం అని ఆలోచించాడు. 1869లో ఎయిర్ బ్రేకు పేటెంటు తీసుకున్నాడు. రైల్వేలో పనిచేసిన మనకు ఆ పేరు కొత్త కాదు.

ఇక్కడి నుంచి కథ వర్క్‌షాపు కూలీల చేతికి వస్తుంది. ఎయిర్ బ్రేకు వచ్చిన చోటల్లా ఇంజను మీద గాలి పంపు ఉంటుంది, పెట్టెల కింద బ్రేకు సిలిండర్లు ఉంటాయి. అవి పాతబడితే వర్క్‌షాపు మూలకు చేరతాయి. 1890ల నాటికి అమెరికా రైల్వే వర్క్‌షాపుల్లో పాత పంపును గోడకు బిగించి, దాని గాలిని షాపంతా గొట్టాల్లో తిప్పుకున్నారు. ఒక పొడుగు సిలిండరును దూలానికి నిలువుగా వేలాడదీసి, పిస్టన్ కడ్డీ చివర హుక్కు పెట్టారు. గాలి వదిలితే కడ్డీ పైకి పోతుంది, దానితోపాటు చక్రమో, స్ప్రింగో పైకి లేస్తుంది. మొదటి గాలి కప్పీలు చాలావరకు అట్లా షాపు మనుషులు సొంతంగా చేసుకున్నవే. వాటికి రెండు లోపాలు ఉండేవి. సిలిండరు ఎంత పొడుగో అంతే ఎత్తగలవు. గాలి లీకైతే బరువు మెల్లగా కిందికి జారేది. తర్వాత గాలితో తిరిగే మోటారు, పళ్ళ చక్రాలు, చైను, బ్రేకు వచ్చి ఇప్పటి రూపం వచ్చింది.

మన దేశంలో రైలుబండ్లకు చాలాకాలం వ్యాక్యూమ్ బ్రేకే. ఎయిర్ బ్రేకు పెద్ద ఎత్తున రావడం 1980ల తర్వాతి మాట. అందుకని మన షాపుల్లోకి గాలి బ్రేకు వెంట రాలేదు. రివెట్లు కొట్టే సుత్తులకని, కమ్మరి షాపుకని, పెయింటు చల్లడానికని కంప్రెసర్లు వచ్చాయి. అంతకుముందు బరువెత్తినది ఎవరు? ఖలాసీలు. ఆ మాట ఓడల్లోంచి వచ్చింది. తాడు, కప్పీ, గుంజ తెలిసిన నావికుల పేరే రైల్వేలో ఒక ఉద్యోగం పేరు అయింది. 1988లో కేరళలో పెరుమన్ దగ్గర ఐలాండ్ ఎక్స్‌ప్రెస్ అష్టముడి కాయల్‌లో పడ్డప్పుడు పెట్టెలు బయటికి తీయడానికి కోళిక్కోడు వైపు మాప్పిళ ఖలాసీలు వచ్చి తాడు, కప్పీలతో సాయపడిన సంగతి పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఎంత మిషన్ వచ్చినా బరువు ఎప్పుడు కదులుతుందో, ఎటు వాలుతుందో తెలిసిన మనిషి కావాలి.

కరెంటు ఉండగా గాలి ఎందుకు?

మేము కూడా అప్పట్లో ఇదే అడిగాం. కాగితాల్లో చూస్తే కరెంటు హాయిస్ట్ నడిపించే ఖర్చు తక్కువ. గాలిని నొక్కడానికి పోసిన కరెంటులో కొద్ది భాగమే చివరకు పనిగా తిరిగొస్తుంది, మిగిలినదంతా వేడిగా పోతుంది. గొట్టంలో 3 మిల్లీమీటర్ల బెజ్జం ఒకటి ఉంటే చాలు, 7 బార్ ఒత్తిడి దగ్గర కంప్రెసర్ సుమారు 3 కిలోవాట్లు దానికే ధారపోస్తుంది.

మేస్త్రీ మామ మమ్మల్ని బ్యాటరీ సెక్షన్‌లోకి తీసుకుపోయి చూపించాడు. పెట్టెల్లో లైట్లకు, ఫ్యాన్లకు వాడే లెడ్ యాసిడ్ బ్యాటరీలు అక్కడ చార్జింగుకు వస్తాయి. చార్జి అయ్యేటప్పుడు వాటి నుంచి హైడ్రోజన్ వస్తుంది. వాసన లేదు, రంగు లేదు, నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. కరెంటు మోటారులో, స్విచ్చిలో రవ్వ పుట్టే అవకాశం ఉంది. గాలి మోటారులో కరెంటే లేదు. పెయింటు షాపులో కూడా ఇదే న్యాయం.

ఇంకో మంచి గుణం ఉంది. కరెంటు మోటారును ఆపకుండా వాడితే వేడెక్కుతుంది. గాలి మోటారులో గాలి విచ్చుకునేటప్పుడు చల్లబడుతుంది, కాబట్టి ఎంతసేపు వాడినా మోటారు కాలదు. శక్తికి మించిన బరువు తగిలిస్తే ఆగి నిలబడుతుంది, చుట్ట మాడిపోదు. లివరు కొంచెం నొక్కితే మెల్లగా, ఎక్కువ నొక్కితే వేగంగా పోతుంది. గాజులాంటి సామాను దించేటప్పుడు ఆ మెల్లదనం ఎంత అవసరమో ఎత్తినవాడికే తెలుసు.

బిగించిన విధానం

నోటుబుక్కు మొదటి నాలుగు పేజీల్లో హాయిస్ట్ బిగించిన రోజుల సంగతి ఉంది. ఇప్పుడు ఫ్యాక్టరీల్లో పనిచేస్తున్న మన పిల్లలకు పనికొస్తుందని విడమర్చి రాస్తున్నాం.

ముందు దూలం. ఒక టన్ను హాయిస్ట్ అంటే దూలం మీద పడేది టన్ను బరువే కాదు. హాయిస్ట్ బరువు, చైను బరువు, ట్రాలీ బరువు, ఎత్తేటప్పుడు వచ్చే కుదుపు అన్నీ చేరతాయి. దూలానికి ఆ బలం ఉందని ఇంజనీరు కాగితం మీద రాసిచ్చేవరకు మామ హాయిస్ట్‌ను నేల మీది నుంచి కదలనివ్వలేదు. ట్రాలీ చక్రాలకు, దూలం అంచుకు మధ్య సందు రెండువైపులా సమానంగా చూశాడు. ట్రాలీ చివరికి పోయి పడిపోకుండా దూలం రెండు చివర్ల అడ్డు బిళ్ళలు బిగించాడు.

తర్వాత గాలి పైపు. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. పెద్ద పైపు నుంచి హాయిస్ట్‌కు కొమ్మ తీసేటప్పుడు పెద్ద పైపు కింది వైపు నుంచి తీయకూడదు, పై నుంచి తీసి వంచి కిందికి తేవాలి. ఎందుకంటే పైపు అడుగున నీళ్ళు ఉంటాయి. గాలి పైపులో నీళ్ళేమిటి అంటారా? మనం పీల్చే గాలిలో తేమ ఉంది, సముద్రం పక్కన ఇంకా ఎక్కువ. ఆ గాలిని ఏడెనిమిది వంతులు కుదించి, తర్వాత చల్లబరిస్తే తేమ అంతా ఆవిరిగా నిలవలేదు, నీళ్ళయి పైపులో కారుతుంది. తడిబట్ట పిండినట్టే. అందుకని పైపు కొంచెం వాలుగా వేసి, వాలు చివర నీళ్ళు తీసే కాక్ పెట్టాలి.

హాయిస్ట్‌కు దగ్గరగా మూడు బుడ్లు వరసగా ఉంటాయి. మొదటిది ఫిల్టరు, మురికిని, నీటిని పట్టుకుంటుంది. రెండోది రెగ్యులేటరు, ఒత్తిడిని సరిచేస్తుంది. మూడోది లూబ్రికేటరు, పోయే గాలిలో నూనె చుక్కలు కలుపుతుంది. ఈ వరస మారకూడదు, బాణం గుర్తు గాలి పోయే వైపు ఉండాలి. హోసు తగిలించే ముందు దాని మూతిని మనుషులు లేని వైపు గట్టిగా పట్టుకుని గాలి వదిలి ఊదేయాలి. లేకపోతే పైపు కోసినప్పుడు మిగిలిన ఇనుప రజను నేరుగా మోటారులోకి పోతుంది. మోటారు గాలి మూతిలో నాలుగు చుక్కల నూనె వేసి అప్పుడు తగిలించాలి.

గేజి చూసే పద్ధతి మామ మాకు ప్రత్యేకంగా చెప్పాడు. హాయిస్ట్ ఊరికే నిలబడి ఉన్నప్పుడు గేజి 6 బార్ చూపిస్తుంది, అందరూ సంతోషపడతారు. బరువెత్తుతుండగా చూడాలి. హోసు సన్నంగా ఉంటే, ఫిల్టరు మూసుకుపోయి ఉంటే అప్పుడు ముల్లు పడిపోతుంది. ఆయన మాటల్లో చెప్పాలంటే, ముద్ద నోట్లో ఉన్నప్పుడు పళ్ళు చూడాలి, నవ్వేటప్పుడు కాదు.

ముందు ఖాళీగా పైకీ కిందికీ నడిపి, చైను మెలి పడకుండా ఉందా, పై హద్దులో, కింది హద్దులో తనంతట తాను ఆగుతుందా చూసి, తర్వాత తక్కువ బరువు, తర్వాత పరీక్ష బరువు. ఆ తర్వాత దాని మీద కనబడేటట్టు ఎంత ఎత్తవచ్చో పెయింటుతో రాశారు. ఆ రాత అలంకారం కాదు, చట్టం.

రోజువారీ పని

బిగించడం ఒకసారి పని. కాపాడడం రోజూ పని. పొద్దున షాపు తెరవగానే ఫిల్టరు బుడ్డి కింద కాక్ తిప్పి నీళ్ళు వదలాలి. లూబ్రికేటరులో నూనె మట్టం చూడాలి. హాయిస్ట్ నడిచేటప్పుడు కంపెనీవాళ్ళు చెప్పిన లెక్కన చుక్కలు పడుతున్నాయా చూడాలి. బరువును జానెడు ఎత్తి ఆపి బ్రేకు పట్టిందా చూడాలి. చైనును తుడిచి నూనె పూయాలి. హుక్కు నోరు తెరుచుకుందా, తాళం నాలుక ఉందా చూడాలి. చైను సాగిందా అని నెలకోసారి కొన్ని లింకులు కలిపి కొలవాలి. కంపెనీ చెప్పిన హద్దు దాటితే చైను మార్చాలి, అతికించకూడదు.

నూనె గురించి కొంచెం వివరంగా చెప్పాలి. గాలి మోటారు లోపల వేన్లు అనే పలచని బిళ్ళలు గోడకు రాసుకుంటూ తిరుగుతాయి. వాటికి నూనె గాలితోనే రావాలి, వేరే దారి లేదు. ఇంకో సంగతి బ్రేకు. మామూలుగా స్ప్రింగు బ్రేకును బిగించి పట్టుకుని ఉంటుంది. లివరు నొక్కితే గాలి వచ్చి ఒక చిన్న పిస్టన్‌ను నెట్టి బ్రేకును వదిలిస్తుంది. లివరు వదిలితే గాలి పోయి స్ప్రింగు మళ్ళీ పట్టుకోవాలి. గాలి ఆగిపోయినా బరువు పడకూడదని ఈ ఏర్పాటు. కాని నూనె లేక, నీళ్ళు చేరి ఆ పిస్టన్ తుప్పు పడితే? లివరు వదిలినా పిస్టన్ వెనక్కి రాదు. బ్రేకు పూర్తిగా పట్టదు. బరువు జారుతుంది.

ఇప్పుడు మా సంగతి

1990ల మొదట్లో ఒక ఏడాది బ్యాటరీ సెక్షన్ నుంచి లూబ్రికేటరు నూనె కోసం ఇండెంటు వచ్చింది. దానిలో రాసిన నూనె పేరు మా లెడ్జరులో ఉన్న పేరుతో కలవలేదు. గ్రేడు నంబరు లేదు. మేము వివరం సరిగా లేదని రాసి తిప్పి పంపాం. రెండోసారి వచ్చింది. పై అధికారి సంతకం లేదు, తిప్పి పంపాం. మూడోసారి వచ్చింది. ఏడాది ఖర్చు హద్దు దాటిందని, కారణం రాయమని తిప్పి పంపాం. ప్రతిసారి రూలు మా వైపే ఉంది. మూడుసార్లూ మేజా మీది నుంచి లేచి ఎనభై అడుగులు నడిచి బ్యాటరీ సెక్షన్‌కు పోయి ఈ నూనె దేనికి అని అడిగింది లేదు.

అట్లా ఆరు వారాలు పోయాయి. ఒకరోజు బ్యాటరీల క్రేటు ఎత్తి ఆపారు. ఆగినట్టే ఆగి జారింది. హెల్పరు పిల్లవాడి కాలి మీద పడింది, యాసిడ్ చిందింది. ప్రాణం దక్కింది గాని మూడు వేళ్ళు పోయాయి. ఆ రోజు మేస్త్రీ మామ సెలవులో ఉన్నాడు, చెల్లెలి కూతురి పెళ్ళికి పోయాడు.

విచారణ జరిగింది. మిషన్‌ను సరిగా చూసుకోని ఫిట్టరుది తప్పు అని తేల్చి ఆయనకు ఒక ఇంక్రిమెంటు ఆపారు. తప్పు ఆయనదేనని మేము కూడా అనుకున్నాం. నిజం చెప్పాలంటే, ఆ మాట మాకు సుఖంగా అనిపించింది.

విచారణ కోసం చట్టం పుస్తకం తీసి కాగితాలు తయారుచేసింది మేమే. అప్పటి ఫ్యాక్టరీల చట్టం 1948లో 28వ సెక్షన్ పేరు హాయిస్ట్స్ అండ్ లిఫ్ట్స్. ఆరు నెలలకోసారి పరీక్ష చేయించాలని అందులో ఉండేది. మా మిషన్ పేరు కూడా హాయిస్టే కదా అని అదే రాశాం. అది తప్పు. అదే సెక్షన్‌లో ఉండేది, గైడుల మధ్య నడిచే ప్లాట్‌ఫారమో, బోనో ఉంటేనే దాన్ని హాయిస్ట్ కింద లెక్కవేయాలని. చైనుకు వేలాడే మా మిషన్ వచ్చేది 29వ సెక్షన్‌లోకి. కనీసం పన్నెండు నెలలకోసారి అర్హత ఉన్న మనిషి పూర్తిగా పరీక్షించాలి, రిజిస్టరు ఉంచాలి, ఎత్తదగిన బరువు దాని మీద కనబడాలి అని అందులో ఉండేది. ఒక పేరు కలవలేదని నూనె ఇండెంటు తిప్పి పంపినవాళ్ళం, పేరు కలిసిందని తప్పు సెక్షన్ రాశాం. పేరు చూశాం గాని వస్తువును చూడలేదు.

నోటుబుక్కు చెప్పింది

పెద్దమ్మ ఇచ్చిన నోటుబుక్కులో ఆ ఆరు వారాలు ఉన్నాయి. సంఘం గదిలో ముగ్గురం కూర్చుని కూడబలుక్కుంటూ చదివాం. బడిలో తెలుగు చదివి ఉంటే అరగంట పని, మాకు మధ్యాహ్నమంతా పట్టింది.

మొదటి వారం: "ఆయిలు లేదు. చీటి రాసి ఇచ్చినా." తర్వాత: "చీటి తిరిగి వచ్చె." ఆ తర్వాత రోజు నుంచి ఒక కొత్త వరస మొదలవుతుంది. "సొంత దుడ్డు. ఆయిలు కాల్ లీటరు." రోజూ పొద్దున్నే హోసు విప్పి మోటారు మూతిలో తన నూనె పోసి మళ్ళీ తగిలించాడు. ఆరు వారాల్లో ఐదుసార్లు సొంత డబ్బుతో నూనె కొన్నాడు. హాయిస్ట్‌ను వాడడం ఆపమని పైవాళ్ళకు రెండుసార్లు చెప్పినట్టు ఉంది. "చెప్పినా. చూద్దాం అనిరి." సెలవుకు పోయే ముందురోజు వరస ఇది: "నాలుగు దినాలు లేను. పిల్లవానికి చెప్పినా, నేను వచ్చేదాకా బరువు ఎత్తవద్దని."

ఆ పిల్లవాడు ఎత్తనన్నాడో, ఎవరు ఎత్తమన్నారో పుస్తకంలో లేదు. తర్వాతి పేజీలో నాలుగు రోజుల ఖాళీ, ఆ తర్వాత ఒక్క మాట, "కాలు."

ఆ కింద మళ్ళీ మామూలే. తణ్ణి తీసినా. ఆయిలు పోసినా. రిటైరయ్యేదాకా.

విచారణలో ఈ పుస్తకం ఎందుకు చూపించలేదని పెద్దమ్మను అడిగాం. ఆమె చెప్పింది, "చూపించినాడు నాయనా. ఏ భాషో తెలియదని పక్కన పెట్టినారంట. చదివి చెప్పేవాళ్ళు ఎవరూ లేరంట."

అప్పుడు ఆ ఆఫీసులో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళం ముగ్గురం ఉన్నాం. అక్షరం వచ్చినవాడు ఒక్కడూ లేడు. అక్షరాలు తెలిసిన ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గరికి తీసుకుపోయి చదివించవచ్చు కదా అని మాకు తోచలేదు. తోచినా చేసి ఉండేవాళ్ళమా అంటే, దానికి ఇప్పుడు జవాబు చెప్పే అర్హత మాకు లేదు.

మేస్త్రీ మామ ఇప్పుడు లేడు. ఆపిన ఇంక్రిమెంటు తిరిగి రాదు. పెద్దమ్మకు మేము ముగ్గురం పోయి జరిగింది జరిగినట్టు చెప్పాం. మూడు ఇండెంట్లు తిప్పి పంపింది మేమేనని చెప్పాం. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత కాఫీ ఇచ్చింది. పోయేటప్పుడు మాత్రం ఒక మాట అంది, "ఆ పుస్తకం పారేయకుండా ఉంచండి." ఆ మాట నిలబెట్టుకోవడానికే ఇది రాశాం.

సభ్యులకు మా విన్నపం మూడు మాటలు.

ఒకటి, మీ ఇళ్ళల్లో తాతల, నాయనల పెట్టెల్లో ఇట్లాంటి చిన్న పుస్తకాలు, జీతం చీటీలు, పనిముట్ల లెక్కలు ఉంటే పారేయకండి. ఏ భాషో తెలియకపోయినా పరవాలేదు. సంఘానికి తెండి, చదివేవాళ్ళు ఇప్పుడు ఉన్నారు.

రెండు, ఫ్యాక్టరీల్లో పనిచేసే మన పిల్లలు పొద్దున్నే ఫిల్టరులో నీళ్ళు వదలండి, నూనె చూడండి, జానెడు ఎత్తి బ్రేకు చూడండి. సరిగా లేకపోతే మిషన్ ఆపండి. ఎవరు ఎత్తమన్నా ఎత్తకండి. తేదీ వేసి ఏదో ఒక భాషలో రాసి పెట్టుకోండి. ఆఫీసుల్లో కూర్చునే మన పిల్లలు, కాగితం తిప్పి పంపే ముందు ఒక్కసారి లేచి పోయి ఆ వస్తువును చూసి రండి.

మూడు, ఆదివారం తెలుగు తరగతికి పిల్లల్ని పంపండి. పద్యాలు రావాలని, పోటీల్లో గెలవాలని కాదు. మన మనిషి ఒకడు తన అక్షరాల్లో నిజం రాసి పెట్టుకుంటే, దాన్ని చదివి చెప్పడానికి పక్కన ఒక్కడైనా ఉండాలని.

తప్పులుంటే మన్నించండి. మీ ఇళ్ళల్లో మేస్త్రీల, ఖలాసీల, ఫిట్టర్ల సంగతులు కింద రాయండి.